పదునెనిమిది ఆంపియర్లు

మూఁడు దినములు నిర్విరామముగఁ గురిసి తమకే విసుగు పుట్టినట్లు వెనుదీసిన భాద్రపద మేఘములు తూర్పుకనుమల భుజములపైఁ దడిసిన గొంగళ్లవలె వ్రేలాడుచుండఁగా, కొండవాగుల యెఱ్ఱమన్నును గలుపుకొనిన గోదావరి గట్లనొరసికొనుచు మందగమనమునఁ బాఱుచుండఁగా, ఆ నదికిఁ బదునాఱు మైళ్ల యెడమునఁ జెట్లు కొట్టి చదునుచేసిన మెట్టపై, జలాశయమునకుఁ దమ యూళ్ల నప్పగించి వచ్చిన నన్నూఱు కుటుంబములకై సర్కారువారు నిలిపిన నన్నూఱు గృహముల పునరావాస కాలనీ తూర్పు వెలుఁగును జూచి మెల్లగ మేలుకొనుచుండెను. ఒకే కొలత గోడలు ఒకే పసుపురంగు ఒకే నీలపుఁ దలుపులు గల యా గృహములను యజమానులే అంకెలనుబట్టి గుర్తించుకొనవలసివచ్చెడిది. త్రాగివచ్చినవాఁడు పొరుగింటి తలుపు తట్టుట లోకమునఁ గలదే గాని ఏమియుఁ ద్రాగనివాఁడును దట్టుట ఆ కాలనీయందలి విశేషము.

ఆ గృహములలో రెండువందల పదుమూఁడవదాని ముందుగదియందు ఏకాంబరమను నేఁబదియాఱేండ్ల ఛాయాచిత్రకారుఁడు ఒక యట్టపెట్టెను దొడపై నుంచుకొని, తెఱవను ధైర్యము చాలక తెఱవక యుండను మనసొప్పక కూర్చుండియుండెను. జలగర్భమున లీనమైన గోగురేవను గ్రామమున ముప్పదియేండ్లు స్టూడియో నడపి ఆ యూరి పెండ్లిండ్లను బారసాలలను శవయాత్రలను సయితము బొమ్మలుగఁ దీసిన యాతఁడు, ఊరు ఖాళీచేయవలసిన వారమున నిరుగుపొరుగువారు దూలములను ద్వారబంధములను బెఱికి బండ్లకెత్తుచుండఁగా, తాను కెమేరాను మెడను వ్రేలాడవైచుకొని ప్రతి వీథిని ప్రతి గోడను ప్రతి మెట్టును అన్ని ప్రక్కలనుండి నాలుగువేల బొమ్మలు తీసెను. నలుగురును నవ్విరి. మనము తలుపులు దక్కించుకొంటిమి ఏకాంబరము నీడలు దక్కించుకొనెను అని వెక్కిరించిరి.

ఆ నీడలతో నిప్పు డొక ప్రాణమునకు అక్కఱ కలిగెను. ఏకాంబరమునకుఁ బదునొకండేండ్లు పెద్దదైన యక్క నరసాయమ్మ, గోగురేవులోఁ బడవ నడపి గతించిన పోలయ్య భార్య, తమ్మునియింటఁ దలదాఁచుకొనినది, నీటికాసులను నేత్రరోగముచేఁ జూపును గోలుపోవుచుండెను. ఆ రోగము చూపును ఒక్కపెట్టున హరింపదు. అంచులనుండి లోనికిఁ జీఁకటిని మడిచికొనుచు వచ్చును. పోయినచూపు మరలదనియు మిగిలినది రెండు నెలలు నిలుచుటయే గొప్పయనియుఁ బట్టణపు వైద్యుఁడు దాఁపరికము లేక చెప్పెను. నాఁటినుండి ఆమె ప్రతిదినము ఉదయమున వాకిట నిలిచి చేయి చాఁచి వ్రేళ్లు విప్పి కనుపాప కదల్పక ఎన్నివ్రేళ్లు కనబడునో చూచుకొనెడిది. శ్రావణమున నైదును గనబడెను. ఇప్పుడు నాలుగు.

ఆమె కోరిక యొక్కటియే. గోగురేవులోఁ దన యింటిముందఱఁ బోలయ్య స్వహస్తములతో మెత్తి సున్నము పూసిన యరుగును, ఆ యరుగునుండి రేవుమెట్లవఱకుఁ బోవు వీథిని, నడచి చూచినట్లు ఒక్కమాఱు చూడవలెను. ఊరు ఖాళీచేసిన వారమునఁ గంటివైద్యమునకై పట్టణపు టాసుపత్రిలో నుండుటచేఁ గడపకు మ్రొక్కి సెలవు పుచ్చుకొను భాగ్యమైన నామెకు లేకపోయెను. ఏకాంబరము తీసిన బొమ్మల నొక్కొక్కటిగఁ దెఱమీఁదఁ జూపెను. ఆమె ఓపికతో నన్నియుఁ జూచి నిట్టూర్చెను.

"తమ్ముఁడా, మెతుకు మెతుకుగాఁ జూపిన నన్నము తినినట్లగునా? ఇది గోడ, ఇది మెట్టు, ఇది చూరు. మన వీథి యేదిరా?"

పూర్వము జలాశయపు సర్వేకై వచ్చి స్టూడియో మేడమీఁద నాఱునెలలు కాపురమున్న శేషగిరి యను నింజనీరు హైదరాబాదునుండి ఫోనులో దీని కొక యుపాయము బోధించెను. అన్ని ప్రక్కలనుండి తీసిన బొమ్మలను గంప్యూటరున కప్పగించినచో అది వానిని ఒకదానితో నొకటి పోల్చి కుట్టి, తల త్రిప్పి చూడఁదగిన వీథినిగఁ దెఱపై నిలుపునఁట. ఏకాంబరము తన పాత కంప్యూటరున నా పనికిఁ బూనుకొనఁగా నది గడియసేపు గురుగురులాడి, పూర్తియగుటకుఁ దొంబది దినములు పట్టునని వ్రాసి చూపెను. బొమ్మల లెక్కలు చేయుటకే పుట్టిన గ్రాఫిక్స్ కార్డు ఒకటి తోడైనచో నా పని రెండు దినములదియే యనియుఁ దన కార్యాలయమున వాడుక తప్పిన పాతకార్డు నొకదానిని పంపెదననియు శేషగిరి చెప్పి, చెప్పినట్లే బస్సులోఁ బంపెను. ఆ యుదయమున ఏకాంబరము తొడపైనున్న యట్టపెట్టె యదియే.

తుదకుఁ దెఱచెను. ఇటుకంత బరువుగల నల్లని కార్డుతోఁ బాటు శేషగిరి చేవ్రాలున నొక చీటి యుండెను. "తొడుగుటకు ముందు మీ ఎస్సెంపీఎస్ చాలునో చాలదో తప్పక చూచుకొనుఁడు. ఈ కార్డొక్కటియే రెండువందల యిరువది వాట్లు త్రాగును." గోడనుండి వచ్చు కరెంటును లోని యంగములన్నింటికిని వడ్డించు ఇనుపపెట్టెయే ఎస్సెంపీఎస్ అని ఏకాంబర మెఱుఁగును గాని, దాని శక్తి యెంతయని తొమ్మిదేండ్లలో నెన్నఁడు నడిగిన పాపమునఁ బోలేదు. కావున మిక్సీలు పంకాలు సెల్‌ఫోనులు బాగుచేయు మస్తానువలిని బిలిపించెను. మస్తానువలి గోగురేవువాఁడే. పోలయ్య పడవపై ముప్పదియేండ్లు ఏఱు దాఁటినవాఁడు. నరసాయమ్మను అక్కయ్యగారూ యని పిలుచును.

అతఁడు తొంగిచూచి ఇనుపపెట్టెపై లావుగ నచ్చువేసిన యంకెను జదివి తొడ చఱచుకొనెను. "ఏకాంబరముగారూ, కార్డునకు రెండువందల యిరువది, ప్రాసెసరునకు అఱువదియైదు, తక్కిన చిల్లరమల్లరకు నలువది. వెరసి మూఁడువందల యిరువదియైదు. ఇక్కడ నైదువందలని యున్నది. మిగిలినదానితో మా యింటి పంకా గూడఁ ద్రిప్పుకొందును."

నరసాయమ్మ నవ్వెను. ఆమె నవ్వి యెన్నినాళ్లాయెనో ఏకాంబరమునకు జ్ఞాపకము లేదు. ఆ నవ్వే నిజమైపోవలెనని కోరుకొనుచు నాతఁడు శేషగిరికి ఫోను చేసెను. శేషగిరి మాత్రము సంతోషింపలేదు.

"పెద్దయంకెను నమ్మకుఁడు. అది పెండ్లిపత్రికలోని బిరుదువంటిది. చీటీమీఁదఁ బండ్రెండు వోల్టుల వరుసకెదురుగ నెన్ని ఆంపియర్లని వ్రాసియున్నదో చూచి దానిని బండ్రెండుచే గుణింపుఁడు. కార్డునకును ప్రాసెసరునకును అన్నము పెట్టునది ఆ వరుసయే."

చూచిరి. మూఁడు వోల్టుల వరుస స్పష్టముగ నుండెను. అయిదు వోల్టుల వరుసయు స్పష్టముగ నుండెను. పండ్రెండు వోల్టుల వరుస యుండవలసినచోట మాత్రము పసుపుపూత మీఁద రూపాయిబిళ్లంత కుంకుమమరక తప్ప వేఱేమియు లేదు. వేఁడికి భయపడి ఏకాంబరము కంప్యూటరు ప్రక్కతలుపును దీసియే యుంచెడివాఁడు. ప్రతి విజయదశమికిని నరసాయమ్మ కెమేరాకును ముక్కాలిపీఁటకును ఆయుధపూజ చేసి, కంప్యూటరు వంతు వచ్చినపుడు, నల్లని యినుముపై బొట్టు కనబడదని తలంచి, లోపలఁ దెల్లగ మెఱయుచున్న యా కాగితపుఁ జీటీ నడుమనే యెంచి పసుపు పూసి కుంకుమ పెట్టెడిది. మఱునాఁడు ఏకాంబరము తడిగుడ్డతో భక్తిగఁ దుడిచెడివాఁడు. తొమ్మిది దసరాలు ఆమె పెట్టెను. తొమ్మిది దసరాలు ఆతఁడు తుడిచెను. అంకె యెన్నఁడో వెడలిపోయెను.

మాటలు విని నరసాయమ్మకు సంగతి బోధపడెను. ఆమె తన చూపుడువ్రేలిని కంటి కెదురుగఁ బెట్టి చూచుకొని "మంచి జరుగవలెననియే పెట్టితిని" అనెను.  తుడిచినవాఁడను నేనే గదా యనుకొని ఏకాంబరము ఆ చీటీని నఱచేత మూసెను.

మస్తానువలి యింటికిఁ బోయి తుక్కు వస్తువులు నింపిన గోనెసంచిని భుజముపై వేసికొనివచ్చి వాకిట గుమ్మరించెను. కాలిన మోటార్లు చచ్చిన ఛార్జర్లు గుట్టపడిన యా దిబ్బలో వెదకి వెదకి, ఏకాంబరము పెట్టెకుఁ గవలపిల్ల యనఁదగినది, అదే కంపెనీది అదే రకముది, ఎప్పుడో ప్రాణము విడిచినది, యొకటి దొరకెను. దానికి బొట్టు పెట్టినవారు లేరు గనుక దాని చీటీ చెక్కుచెదరక యుండెను. పండ్రెండు వోల్టుల వరుసలోఁ బదునెనిమిది ఆంపియర్లని యుండెను. పదునెనిమిది పండ్రెండ్లు రెండువందల పదునాఱు. ఏకాంబరము కాగితముపై మఱియొకమాఱు గుణించెను. అప్పుడును రెండువందల పదునాఱే వచ్చెను. కార్డొక్కదాని యాఁకలికే నాలుగు వాట్లు తక్కువ. పేరు గొప్ప ఊరు దిబ్బ యని మస్తానువలి గొణిగి, తాను ముందుగఁ గొట్టిన ప్రగల్భమునకు సిగ్గుపడి సంచి సర్దుకొనెను.

కొత్త ఎస్సెంపీఎస్ తాను పంపెదనని శేషగిరి చెప్పి పంపెను గూడ. కాని యా వారమే కొండచరియ విఱిగి కనుమదారి మూసికొనిపోయెను. బస్సులు కొండ యావలనే నిలిచిపోయెను. పొక్లెయినర్లు వచ్చినవి గాని వానదేవుఁడు వానికి విశ్రాంతియే ప్రసాదించుచుండెను. దారి పదిదినములలోఁ దెఱచెదరని కొందఱును నెల యగునని కొందఱును జెప్పుకొనుచుండిరి. అంగట్లో నన్నియునున్నవి అల్లుని నోట శని యున్నది యన్నట్లు, బొమ్మలు నాలుగువేలును గార్డును జేతిలోనుండఁగా ఏకాంబరము చేయి చాఁచి యందుకొనలేని వస్తువు కొండకావల నొక బస్సు కడుపులో మూల్గుచుండెను. ఇంట నరసాయమ్మ ప్రతి యుదయమునఁ జేయి చాఁచుచుండెను. వ్రేళ్లు మూఁడైనవి. బహుళ ద్వాదశినాఁటికి రెండైనవి.

ఆ దినమున ఏకాంబరము శేషగిరికి మరల ఫోను చేసి ఆఁకలిని దగ్గించు మార్గమేదియు లేదాయని యడిగెను. కార్డునకుఁ గళ్లెము వేయవచ్చునని, సగము బలముతోనే పనిచేయుమని శాసింపవచ్చునని, అట్లైన నూటపది వాట్లకు మించి త్రాగదని, రెండు దినముల పని మూఁడగునని యాతఁడు చెప్పెను. నూటపదియు అఱువదియైదును నలువదియుఁ గలిపిన రెండువందల పదునేను. ఉన్నవి రెండువందల పదునాఱు.

"ఒక్క వాటు మిగులుచున్నది" అని ఏకాంబర మనెను.

"మిగులుట కాగితముపై. అది తొమ్మిదేండ్ల ముసలిపెట్టె, చీటీలోని బలము దానికిఁ గలదని యెవరును జెప్పఁజాలరు. నా మాట వినుఁడు, బస్సు వచ్చుదాఁక నాఁగుఁడు."

"అక్క చూపు ఆఁగఁగలదా?" అని ఏకాంబర మడిగెను. శేషగిరి కళ్లెము వేయు విధమును వ్రాసికొనుమనెను.

త్రయోదశి యుదయమున మస్తానువలి రెండు తీఁగల నతికి కార్డునకుఁ గావలసిన ముడి కల్పించి, అక్కఱలేని పంకాను లైటును బెఱికి, ఇంటిలోని ఫ్రిజ్జును సయితము నిలిపివేసి, దైవమును దలంచుకొని మీట నొక్కెను. యంత్రము తిరిగెను. ఒక గంట గడచెను. రెండు గడచెను. ఏకాంబరము ఇనుపపెట్టెపై నఱచేయి మోపి, జ్వరపడిన బిడ్డ నొసటిని దాఁకినట్లు దాఁకి చూచుకొనుచు భోజనము మఱచెను. ఆ దినము గడచెను. రెండవదినము సాయంకాలమునకు, ప్రొద్దుగ్రుంకుట కింకను గడియయుండఁగా, తెఱపై బూడిదరంగు చుక్కలు లక్షోపలక్షలుగఁ గ్రమ్ముకొని, ముందు మెట్లైనవి, పిమ్మట చూరులైనవి, చూచుచుండఁగనే వీథియైనవి. ఏకాంబరము తల త్రిప్పినట్లు మీటను ద్రిప్పఁగా వీథియుఁ దిరిగెను. ఎడమప్రక్కఁ బోలయ్య మెత్తిన యరుగు, కొంచెము వంకరగ, ఆ వంకరతో సహా నిలిచియుండెను. ఆతని కన్నులు చెమర్చెను.

వాకిటినుండి నరసాయమ్మ గోడను దడవుకొనుచు వచ్చి "వచ్చినదా?" అని యడిగెను.

స్టూడియోవాని కొక కట్టుబాటు గలదు. గీఁతలు దిద్దక రంగులు సవరింపక యసంపూర్ణమైన బొమ్మను గిరాకీకంటఁ బడనీయరాదు. అట్లు చూచినవాని మనసున నా తొలిరూపమే నాటుకొనుననియు నెంత దిద్దినను బిదపఁ దృప్తి కలుగదనియు ఏకాంబరము గురువునొద్ద నేర్చుకొనెను. ముప్పదియేండ్లలో జమీందారు వచ్చి నిలిచినను సరే రేపు రమ్మనియే చెప్పెడివాఁడు. ఆ బూడిద వీథికి రేపటికి రంగులు వచ్చును. అరుగునకు సున్నపుఁదెలుపు వచ్చును. కడపటి రెండు వ్రేళ్ల చూపుతోఁ జూచునది బూడిదను జూడవలయునా యనుకొనెను. ప్రేమయే యట్లనుకొనెనో అలవాటే యట్లనుకొనెనో ఆతఁ డెఱుఁగఁడు. తెఱ నార్పివైచి "రాలేదక్కా, రేపు మధ్యాహ్నమునకు వచ్చును" అనెను.

"రేపే కానిమ్ము" అని యామె మరల గోడ తడవుకొనుచుఁ బోయెను.

మఱునాఁడు పదునొకండు గంటలకు, రంగులద్దు ఘట్టము ముగియకమునుపే, ఇనుపపెట్టెలో టపాకాయ ప్రేలినట్లు చప్పుడయ్యెను. నల్లని పొగయుఁ గాలిన వెండ్రుకల కంపును గదినిండ నిండెను. మస్తానువలి పరుగెత్తివచ్చి ప్లగ్గు లాగెను గాని, చేతులు కాలినపిమ్మట నాకులు పట్టుకొనుటయే యయ్యెను. ఎస్సెంపీఎస్ తానొక్కటియే పోక ప్రాసెసరున్న పలకను, రెండు దినముల పని దాఁచుకొనిన డిస్కును గూడ వెంటఁ దీసికొనిపోయెను. కార్డు బ్రతికెను. వేఱొక డిస్కులోఁ బదిలపఱచిన నాలుగువేల బొమ్మలును బ్రతికెను. బ్రతుకవలసిన వన్నియు బ్రతికినవి, బ్రతుకక పోయినది కాలము.

కనుమదారి తెఱచుటకుఁ బదునెనిమిది దినములు పట్టెను. ఆలోపల మహాలయ యమావాస్య గడచెను. వ్రేలొక్కటియైనది. ఆశ్వయుజ శుద్ధ షష్ఠినాఁడు పదిగంటల ఎండలో, ముంగిట బియ్యము చెఱుగుచుఁ గూర్చున్న నరసాయమ్మ చేట నాఁపి "తమ్ముఁడా, కరెంటు పోయినదా?" అని యడిగెను. లోపల పంకా తిరుగుచుండెను. ఏకాంబరము వాకిటికి వచ్చి ఎండనుజూచి అక్క ముఖమును జూచి గుమ్మమునకుఁ జేరగిలఁబడెను. అడిగినయామెయుఁ గొంతసేపటికిఁ దానే గ్రహించి మఱల నడుగలేదు.

అటుపిమ్మటను ఏకాంబరము పని మానలేదు. మానిన నేమి చేయవలెనో ఆతనికిఁ దెలియలేదు. బస్సు దింపిన కొత్త ఎస్సెంపీఎస్సు బరువుగ నుండెను, అన్ని వరుసలును స్పష్టముగ నుండెను, కార్డునకుఁ గళ్లెముతోఁ బనిలేకపోయెను. మస్తానువలి నాలుగు చచ్చిన కంప్యూటర్లనుండి యొక బ్రతికినదానిని గూర్చి యిచ్చెను. నికరముగ రెండు దినములలో, శేషగిరి చెప్పిన గడియకే, గోగురేవు సర్వవర్ణములతోఁ దెఱపై నిలిచెను. సున్నపు టరుగు తెల్లగ నుండెను. రేవుమెట్లపై నాచు పచ్చగ నుండెను. చూచుటకు వచ్చిన కాలనీజనము తమ తమ యిండ్లను గుర్తుపట్టి, పూర్వము వెక్కిరించినవారే కన్నులొత్తుకొని వెడలిరి. ఇనుపపెట్టె యెన్ని వాట్లు భరించునో ఒక్క వాటుదాఁక లెక్కకట్టినవాఁడు, ఎదుట నిలిచి యడిగిన మనిషికి మిగిలిన సాయంకాలము లెన్నియో లెక్కకట్టలేకపోయెను. ఆలస్యమున నమృతము విషమగునని పెద్దలనిరి. ఇచ్చట విషముకూడఁ గాలేదు. ఎవరికిని బనికిరానిదై నిలిచెను.

అందఱును వెడలినపిమ్మట నరసాయమ్మ వచ్చి తెఱ యెదుటి కుర్చీలోఁ గూర్చుండెను. ఏకాంబర మిఁక దాఁచలేకపోయెను.

"అక్కా, ఆ సాయంకాలము నీ వడిగినపుడు వీథి వచ్చియే యుండెను. రంగులు లేవని నేనే చూపలేదు. బూడిదరంగున నుండెను."

ఆమె కోపించిన బాగుండునని ఏకాంబరమునకుఁ దోఁచెను. కోపింపలేదు.

"బూడిదరంగైన నేమిరా? మీ బావ పడవకట్టి వచ్చి కూర్చుండువేళకు మా యరుగు ఆ రంగుననే యుండెడిది."

ఏకాంబరము తల వంచుకొనెను. కంప్యూటరు పంకా మాత్రము మెత్తగ మ్రోఁగుచుండెను. నరసాయమ్మ కుర్చీ చేతులను దడవి చూచుకొని, ముఖమును దెఱవైపు గాక కొంచెము ప్రక్కకుఁ ద్రిప్పి "వీథిలో నిప్పుడెక్కడ నిలిచితివి?" అని యడిగెను.

"అరుగు ముందఱనే యున్నానక్కా."

"అరుగుమీఁద నెవరైన నున్నారా?"

ఊరు ఖాళీయైన వారమునఁ దీసిన బొమ్మలు. అరుగుమీఁద నెండయుఁ గొన్ని యెండుటాకులును దప్ప నేమియు లేవు. అబద్ధ మాడవచ్చునని ఏకాంబరమునకుఁ దోఁచెను.

"ఎవరును లేరక్కా."

"అట్లైన నార్పివేయుము" అని చెప్పి నరసాయమ్మ లేచి, గోడ తడవుకొనుచు లోనికిఁ బోయి, ఆ యుదయమున సగములో విడిచిన బియ్యము చెఱుగుటకుఁ గూర్చుండెను.